పీచు తాత విప్పించిన ముడి

ఉప్పువాగు ఒడ్డున ఒక ముసలి తుమ్మచెట్టు ఉంది. మొదలూ ఒక కింది కొమ్మా గట్టు మీద, మిగతా ఒళ్ళంతా నీళ్ళ మీద. ఎప్పుడో వచ్చిన వరదకు పక్కకు ఒరిగి, పడకుండా అలాగే ఆగిపోయింది. నీళ్ళ మీదికి వేలాడే దాని కొమ్మలకు ఏటా తొలకరి పడ్డాక గిజిగాళ్ళు గూళ్ళు కడతాయి. కింద నీళ్ళు, చుట్టూ ముళ్ళు. పిల్లికైనా నక్కకైనా అక్కడ పనేమీ ఉండదు.

గిజిగాళ్ళలో గూడు కట్టడం మగవాళ్ళ వంతు, పరీక్ష పెట్టడం ఆడవాళ్ళ వంతు. సగం కట్టిన గూటికి ఆడపిట్ట వేలాడి, ముక్కుతో లాగి, ఊపి చూస్తుంది. నచ్చితే లోపల కాలు పెడుతుంది. ముడి ఊడిందా, మారు మాట లేకుండా ఎగిరిపోతుంది. గుడ్లు పెట్టుకోవాల్సింది తను కదా. అందుకని ఎండాకాలమంతా కుర్ర గిజిగాళ్ళకు ముసలి గిజిగాడు పీచు తాత దగ్గర చదువు.

పీచు తాత చదువులో హంగేమీ లేదు. తెల్లారగానే, మేతకు పోకముందే, ఎవరి కొమ్మ మీద వాళ్ళు కూచోవాలి. నిన్న ఆకు పీలికతో కట్టిన ముడి విప్పాలి. దాన్ని చూడకుండా మళ్ళీ కట్టాలి. తాత వచ్చి లాగుతాడు. ఊడితే ఎక్కడ తప్పిందో అక్కడినుంచి మళ్ళీ మొదలు. నిలిస్తే కొత్త మెలిక ఒకటి చూపిస్తాడు. ఒక్కటే. ఆ తర్వాత మేతకు పొమ్మంటాడు. పొగడడు, తిట్టడు.

ఈ విప్పుడు పని చూస్తే కంకికి ఒళ్ళు మండేది. తల మీద పసుపు రంగు అప్పుడప్పుడే తేలుతున్న కుర్రవాడు కంకి. రోడ్డు పక్క కరెంటు తీగ మీద కూచుని నాలుగు రోడ్ల కూడలిలో జరిగే సభలన్నీ వినేవాడు. విన్నదల్లా వాడి నాలుక మీదే ఉండేది. అన్యాయం చూస్తే ఊరుకోలేడు. అన్యాయం కనపడని రోజున వెతికి పట్టుకునేవాడు. ఒకరోజు పొద్దున్నే కొమ్మ మీద నిలబడి, పిట్టలందరూ వినేలా తాతను నిలదీశాడు.

"కట్టేది మేము, విప్పమనేది మీరు. ఇది చదువు కాదు, వెట్టిచాకిరీ. సృష్టించిన చేతులతోనే కూల్చమనే హక్కు మీకెవరిచ్చారు?"

"మనకు చేతుల్లేవురా" అన్నాడు తాత. "నిన్నటిది విప్పు."

కుర్రాళ్ళు నవ్వారు. ఆ నవ్వు తాత మాటకే అయినా, కంకికి అది తన మీద పడ్డ రాయిలా తగిలింది. ముడి విప్పకుండానే ఎగిరిపోయాడు.

ఆ గొడవంతా గట్టు మీద పొదలోంచి ఒక నక్క వింది. మర్నాడు కంకి కోసం కాచుకుని, నీ గొంతులో నిప్పుంది తమ్ముడూ అని పలకరించింది. ఇంత తెలివైనవాణ్ణి పట్టుకుని రోజూ ఒకే ముడి వేయించడం ఘోరమంది. తను ఈతపళ్ళు తప్ప మరొకటి ముట్టనని, పిట్టల బాగు కోసమే బతుకుతున్నానని కూడా చెప్పింది. అడగని ప్రశ్నకు జవాబు ఎందుకొచ్చిందో కంకి ఆలోచించలేదు. ఇంతకాలానికి తనను అర్థం చేసుకున్న పెద్దమనిషి ఒకడు దొరికాడనుకున్నాడు.

అలా తుమ్మచెట్టు నేలవైపు నీడలో నక్క బడి మొదలైంది. పోయినేడు రాలిన గూళ్ళను నక్క ఏరి తెచ్చింది, కంకి వాటిని కింది కొమ్మకు వేలాడదీశాడు. పద్ధతి చాలా తేలిక. గూడు ముందు కూచోవాలి. ఏ పీలిక ఎటు పోయిందో ముక్కుతో తడుముతూ చూడాలి. తర్వాత చర్చ. గూడు కట్టడానికి తొలకరి ముందు ఒక్కపూట చాలు, కళ్ళారా చూసినదాన్ని కట్టడం ఎంతసేపు అంటుంది నక్క. ఆ మాట ఎవరికి చేదు? కంకి స్నేహితుడు గరిక మొదట వచ్చాడు. వాడి వెనక మిగతావాళ్ళంతా వచ్చారు. పీచు తాత కొమ్మలు బోసిపోయాయి.

నక్క ఇంకో మాట కూడా చెప్పింది. నీళ్ళ మీది పైకొమ్మలు పెద్దవాళ్ళు ఆక్రమించుకున్నవట. నేలవైపు కింది కొమ్మ అందరిదీనట, గూళ్ళు అక్కడే కట్టాలట. కంకి ఆ మాటను అక్కడికక్కడే నినాదం చేశాడు. పైకొమ్మల పెత్తనం నశించాలి, కింది కొమ్మ వర్ధిల్లాలి. రోజూ పాఠం ముందొకసారి, పాఠం తర్వాతొకసారి గుంపంతా అరిచేది. నక్క కళ్ళు మూసుకుని వినేది.

కంకికి ఆ రోజులు పండగలా గడిచాయి. పాత గూడు ముందు కూచుంటే అంతా తెలిసినట్టే ఉండేది. ఈ పీలిక దీని కిందుగా వచ్చింది, ఆ మెలిక దాన్ని పట్టుకుంది, ఇంతేగా. తెలియనిదేదీ కనపడలేదు. కనపడనప్పుడు లేదనే అనుకున్నాడు.

సామ అనే ఆడపిట్ట ఒకరోజు ఆ పక్కకు వచ్చింది. సామ అంటే కంకికి ఇష్టం. ఆ సంగతి సామకు తప్ప అందరికీ తెలుసనుకునేవాడు, సామకే ముందు తెలిసింది. ఆ పూట కంకి గూటి నిర్మాణం మీద మాట్లాడుతున్నాడు. బరువు ఎక్కడ పడుతుంది, గాలి ఎటు తోస్తుంది, పునాది ముడి ఎందుకు ముఖ్యం, ఒక్కటీ వదల్లేదు. సామ చివరిదాకా శ్రద్ధగా వింది.

"బాగా చెప్పావు. ఇప్పుడొక ముడి వెయ్యి" అంది.

కంకి జొన్నాకు పీలిక అందుకుని పాత గూటివైపు తిరిగాడు. సామ ఎగిరి వెళ్ళి సరిగ్గా గూటికి అడ్డంగా కూచుని, రెక్కలు విప్పింది.

"ఇటు కాదు. అటు తిరిగి వెయ్యి."

కంకి అటు తిరిగాడు. పీలికను కొమ్మ చుట్టూ తిప్పాడు. కిందుగా లాగాలా, పైగానా? చూస్తే తెలుస్తుంది, చూడ్డానికి లేదు. ఏదో ఒకటి అని లాగాడు. పీలిక జారి, మెల్లగా తిరుగుతూ నేల మీద పడింది.

"నువ్వు అడ్డం కూచున్నావు, అందుకే" అన్నాడు.

"గాలివానలో ముడి సడలితే, పాత గూడు తెచ్చుకుని చూసి బిగిస్తావా? నా గుడ్లు ఎక్కడ పెట్టుకోను కంకీ, నీ ఉపన్యాసంలోనా?"

సామ వెళ్ళిపోయింది. కోపంగా పోయి ఉంటే కంకి తిరిగి నాలుగు మాటలు అనేవాడు. ఆమె దిగులుగా వెళ్ళింది. అదే వాడికి మింగుడుపడలేదు.

మర్నాడు వాడు నక్క బడికి పోలేదు. ముఖం చెల్లక, వాగులో పడుకున్న బర్రె వీపు మీద కూచున్నాడు. బర్రెక్క తీరిగ్గా నెమరేస్తోంది. ఎవరో ఒకరి మీద విసుక్కోవాలి కాబట్టి కంకి ఆమె మీదే విసుక్కున్నాడు. తిన్నదే మళ్ళీ తినడానికి సిగ్గులేదా అన్నాడు.

"నిన్న మేసింది గడ్డి" అంది బర్రెక్క, దవడ ఆపకుండా. "ఈ రెండోసారికి గానీ పాలవ్వదు. నీ సంగతేంటి? పొద్దున్నే మీ తాత దగ్గర ఉండాల్సినవాడివి."

"అక్కడెవరూ లేరు."

"ఉన్నాడుగా. చూడు."

కంకి తలెత్తాడు. ఖాళీ కొమ్మల మధ్య పీచు తాత ఒక్కడే ఉన్నాడు. తన ముడి తను విప్పుకుంటున్నాడు. ముక్కు చివర అరిగిపోయి పీలిక జారుతోంది. మళ్ళీ పట్టుకుంటున్నాడు. కళ్ళు వాగు మీద పెట్టి, చూడకుండా కట్టాడు. లాగి చూసుకున్నాడు. నిలిచింది. అప్పుడు మేతకు ఎగిరాడు. చూసేవాళ్ళు లేరు, నేర్చుకునేవాళ్ళు లేరు. అయినా అదే వేళకు, అదే కొమ్మ మీద, తమచేత చేయించిన పని తను చేసుకుంటున్నాడు.

వెట్టిచాకిరీ అన్న తన మాటే కంకికి ముల్లులా గుచ్చుకుంది.

మరుసటి పొద్దున వాడు వెళ్ళి తన పాత కొమ్మ మీద కూచున్నాడు. క్షమాపణ కోసం పెద్ద మాటలు సిద్ధం చేసుకున్నాడు. తాత వాటికి సందివ్వలేదు.

"నిన్నటిది విప్పు."

"నిన్న ఏమీ కట్టలేదు తాతా."

"అయితే ఈవేళ ఒకటి కట్టు. రేపు విప్పడానికి ఉంటుంది."

అంతే. ఎక్కడికి పోయావు, ఎందుకొచ్చావు అని అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చేసేవాడినని కంకి తర్వాత సామతో చెప్పాడు.

కంకి స్వభావం ఎక్కడికి పోతుంది? పోయిన కాలమంతా ఒక్కరోజులో తెచ్చేసుకుందామని మొదటిరోజే మెలికలన్నీ చెప్పమన్నాడు. తాత ఒకటి చెప్పి మేతకు తరిమాడు. కడుపు ఖాళీగా ఉంటే ముక్కు వణుకుతుందిరా అన్నాడు. తప్పిన మెలికనే మర్నాడు ముందుగా వేయించేవాడు. వచ్చినదాన్ని మళ్ళీ మళ్ళీ వేసి మురిసిపోవడం ఎవరైనా చేస్తారు, రానిదాని దగ్గరికి పొద్దున్నే వెళ్ళాలి అనేవాడు. కొన్నాళ్ళు కంకికి ముక్కు కదిలేది కాదు. కూడలిలో సభ జోరుగా వినిపించేది. అయినా కొమ్మ మీద కూచునేవాడు. కూచున్నాక పీలిక దానంతటదే ముక్కులోకి వచ్చేది. రానురాను ఆ కొమ్మ మీద వాలితే చాలు, పని మొదలైపోయేది. సభ ఎక్కడికీ పోదని, ముడి అయ్యాక వింటే ఇంకా బాగా అర్థమవుతుందని కూడా తెలిసింది.

"ఎందుకు తాతా విప్పించడం?" అని ఒకరోజు అడిగాడు. ఈసారి నిలదీయడానికి కాదు.

"కట్టి వదిలేస్తే ముడి కొమ్మకు ఉంటుంది. విప్పి మళ్ళీ కడితే నీకు ఉంటుంది" అన్నాడు తాత.

కంకి తీగ మీద విన్న మాటలన్నీ ఆ పూట ఈ ఒక్క మాట ముందు చిన్నబోయాయి.

పడమట మబ్బు పట్టింది. ఎగువన వాన పడి వాగు ఎర్రబారింది. నక్క శిష్యులు కింది కొమ్మ మీద గూళ్ళకు సిద్ధమవుతున్నారు. వాళ్ళను పిలుద్దామని బయల్దేరిన కంకి, పొదల దగ్గర టక్కున ఆగాడు. ఎవరూ లేరనుకుని నక్క ఆ కొమ్మ కింద ఎగిరెగిరి చూసుకుంటోంది. ఎగిరిన ప్రతిసారీ మూతి కొమ్మకు తగులుతోంది. తగిలినప్పుడల్లా పెదాలు నాక్కుంటోంది.

ఈతపళ్ళు నేల మీదే రాలతాయి కదా అనుకున్నాడు కంకి. ఆ కొమ్మను అందరిదీ అని ఎలుగెత్తి చాటింది తనే. రేపు అక్కడ వేలాడేవి గరిక పిల్లలు, గరిక పక్కవాడి పిల్లలు.

రివ్వున ఎగిరి పోయి గరిక గుంపుకు చూసింది చెప్పాడు. గరిక ముక్కు చిట్లించి, పైకొమ్మల తొత్తు వచ్చాడ్రా అన్నాడు. మిగతావాళ్ళు నశించాలి అన్నారు. ఆ నినాదం ఎంత బాగా కుదిరిందో, ఎంతగా చెవులు మూస్తుందో కంకికి అప్పుడు తెలిసింది. కట్టినవాడే విప్పాలి. అయితే కోపంతో లాగితే ముడి ఇంకా బిగుస్తుంది. ఎక్కడ మొదలైందో చూసి, అక్కడినుంచి వెనక్కి రావాలి. అదీ తాత నేర్పినదే.

మర్నాడు కంకి వినయంగా నక్క బడికి వచ్చాడు. తప్పయింది గురువుగారూ అన్నాడు. ఇంత చదువు చెప్పిన మీకు సన్మానం చేయాలి, శాలువా ఏం సరిపోతుంది, ఊయల కట్టి కూచోబెడతాం అన్నాడు. శిష్యులు సంబరపడ్డారు. పొగడ్తకు నక్క మెడ ఇంత పొడుగైంది. ఒక్కపూటలో, అచ్చం గురువు చెప్పిన పద్ధతిలోనే గుంపంతా కలిసి పెద్ద ఊయల అల్లింది. కంకి తనకు ఒక్క ముడి చాలని అడిగి తీసుకుని, తాటినారతో పేనిన పగ్గాన్ని మానుకు ముడివేసి, రెండో చివరను ఊయలలో కాలు పెట్టే చోట ఉచ్చులా తిప్పాడు. ఊయలను వేలాడదీసింది మాత్రం ఒరిగిన మానుకు, నట్టనడుమ, నీళ్ళ మీద. సన్మానం అందరికీ కనపడాలి కదా అన్నాడు.

మాను మీద నడిచొచ్చిన నక్క ఊయలను చూసింది. కింద ఎర్రటి వాగును చూసింది. ఆ ఊయల పిట్ట బరువైనా ఆపదని అందరికంటే బాగా దానికే తెలుసు.

"నాకెందుకర్రా ఆడంబరాలు. మీ ప్రేమ చాలు" అంది.

"అలా అంటే ఎలా గురువుగారూ" అన్నాడు గరిక. "మీరు చెప్పినట్టే కట్టాం."

"నడుం నొప్పిగా ఉంది నాయనా."

"మీరే కూచోకపోతే" అన్నాడు కంకి నెమ్మదిగా, "ఇలాంటి గూళ్ళలో మేం పిల్లల్ని ఎలా కూచోబెడతాం?"

ప్రతి పిట్టా నక్కవైపే చూస్తోంది. కూచోకపోతే చదువు బండారం బయటపడుతుంది. కూచుంటే తను వాగు పాలు. కాసేపు నిలవకపోతుందా అని ఆశపడి, నక్క ఊపిరి బిగబట్టి ఊయలలో కాలు పెట్టింది.

ఒక ముడి జారింది. దాని పక్కది జారింది. తర్వాత ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. ఊయల మొత్తం గడ్డిపోచలై వాగులో రాలిపోయింది. నక్క తలకిందులుగా పడబోయి ఆగింది. వెనక కాలు తాటినార ఉచ్చులో ఇరుక్కుంది. అన్ని ముళ్ళూ పోయినా ఆ ఒక్కటీ పోలేదు. మూతికి జానెడు కింద వరదనీరు సుళ్ళు తిరుగుతోంది.

"ఎవరిదిరా ఈ ముడి?" అన్నాడు గరిక.

కంకి నక్క దగ్గరగా వాలాడు. "ఒక్క సందేహం గురువుగారూ. కింది కొమ్మ మీదే గూడు కట్టమన్నారెందుకు?"

"అది అందరికీ అందుబాటులో..." అని మొదలెట్టింది నక్క. పగ్గం కిర్రుమంది. వాగు మూతిని తడిపింది.

"అందరికీనా?"

"నాకు" అంది నక్క. "ఎగిరితే నా నోటికి అందేది ఆ కొమ్మేనయ్యా. ఇక విప్పు, నీకు పుణ్యముంటుంది."

పిట్టలు కింది కొమ్మవైపు ఒకసారి, నక్క పళ్ళవైపు ఒకసారి చూశాయి. ఎవరూ ఏ నినాదమూ ఇవ్వలేదు.

"మీ బళ్ళో విప్పడం చెప్పలేదు గురువుగారూ" అన్నాడు కంకి. "అదృష్టం బాగుండి నాకది వేరే చోట నేర్పారు."

కళ్ళు గరిక మీద పెట్టి, ముడిని చూడనైనా చూడకుండా, రోజూ పొద్దున విప్పినట్టే విప్పాడు. నక్క వాగులో పడింది. వరద దాన్ని దొర్లించుకుంటూ పోయింది. ఒడ్డువార నీళ్ళలో పడుకున్న బర్రెక్క దారివ్వడానికి కొంచెం పక్కకు జరిగింది.

తొలకరికి అట్టే వ్యవధి లేదు. పీచు తాత ఎవరినీ ఏమీ అనలేదు. గరిక తలొంచుకుని వస్తే, ఒక పీలిక ఇచ్చి ఒకటి కట్టమన్నాడు. ఆ ఏడు గరికకూ మరికొందరికీ గూడు కుదరలేదు. మరుసటేడు కుదిరింది. అంతకంటే తొందరగా కుదిరే దారి తాతకు తెలియదు, తెలుసని ఆయన ఎన్నడూ చెప్పలేదు.

కంకి నీళ్ళ మీది కొమ్మకు సగం గూడు కట్టాడు. సామ వచ్చి వేలాడింది. ముక్కుతో లాగింది, ఊపింది, గాలి తోసినప్పుడు మళ్ళీ లాగింది.

"ఎవరు నేర్పారు?" అంది, చివరికి.

"పీచు తాత" అన్నాడు. "ఆ తర్వాత, నువ్వు. ఆవేళ గూటికి అడ్డం కూచున్నావు చూడు, ఆ మేలు ఈ జన్మకు మరవను."

సామ లోపల కాలు పెట్టింది.

తాతకు కృతజ్ఞత చెప్పాలని కంకి తీగ మీద కూచుని పెద్ద ఉపన్యాసమే తయారుచేశాడు. జ్ఞానజ్యోతి, మార్గదర్శి, తరతరాల రుణం, అన్నీ ఉన్నాయి అందులో. పొద్దున్నే తాత ఎదుట నిలబడేసరికి ఒక్క ముక్క నోట రాలేదు. తాత అరిగిన ముక్కుతో జొన్నాకు చీల్చాలని తంటాలు పడుతున్నాడు. కంకి ఆ ఆకు అందుకుని, సన్నగా, సమంగా చీల్చి తాత ముందు పెట్టాడు. తాత నిన్నటి ముడి విప్పుకుని, చూడకుండా మళ్ళీ కట్టాడు. ఈసారి కంకి లాగి చూశాడు.

ఊడలేదు.

"నిలిచింది తాతా" అన్నాడు.

"ఇంకేం మరి, మేతకు పద" అన్నాడు తాత.

ఆ తర్వాత ఏ పొద్దూ తాత ఆకు చీల్చుకోవాల్సిన అవసరం రాలేదు. నక్క మాత్రం ఎక్కడో దిగువన ఒడ్డుకు పడి, తోక పిండుకుంటూ ఆవలిగట్టున తిరుగుతోందని చెప్పుకుంటారు. అక్కడ కొంగలకు ఒక్కపూటలో చేపలు పట్టడం నేర్పుతానందట. కొంగలు ముందు ఒకటి పట్టి చూపించమన్నాయట.

నీతి: ఎదురుగా పెట్టుకుని చూస్తే వచ్చినట్టుండేది చదువు కాదు, రోజూ విప్పి, చూడకుండా మళ్ళీ కట్టుకున్నదే చదువు, అలా విప్పించినవాళ్ళను బతికున్నంతకాలం తలుచుకోవాలి.